రూపాయి బిళ్ళంత సందు

కొత్త ఇంట్లో అడుగుపెట్టగానే మన ఆడవాళ్లం చేసే మొదటి పని ఏమిటో చెప్పనా? పాలు పొంగాయా లేదా అని చూడం. వంటింట్లో గట్టు ఎత్తు సరిపోయిందా అని కూడా చూడం. తిన్నగా అల్మారా దగ్గరికి వెళ్లి, తలుపుకీ చట్రానికీ మధ్య వేలిగోరు పెట్టి చూస్తాం. గోరు దూరిందంటే ఇక అంతే! "అయ్యో వదినా, వడ్రంగి మిమ్మల్ని నిలువునా ముంచాడు" అని తీర్పు చెప్పేసి, ఆ తర్వాతే ప్రసాదం పళ్లెం అందుకుంటాం.

ఆ తీర్పు తప్పు. తప్పని చెప్పడానికే ఇవాళ కలం పట్టాను. కోపం వస్తే రానివ్వండి, కానీ చివరిదాకా చదివి కోప్పడండి. ఎందుకంటే ఆ తప్పుడు తీర్పు చెప్పిన నేరానికి మొదటి ముద్దాయిని నేనే.

మాది పాన్‌గల్. కొండమీద కోట, కొండకింద ఊరు. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి వనపర్తి జిల్లా. మూడేళ్ల కిందట అత్తగారి పాత ఇంటిని విప్పి కొత్తది కట్టుకున్నాం. కొత్తింట్లోకి నేను పట్టుబట్టి చేయించుకున్న వస్తువు ఒక్కటే: టేకు అల్మారా. పైన రెండు తలుపులు, కింద నాలుగు సొరుగులు.

ఆ టేకుకో కథ ఉంది. మా అమ్మమ్మగారి ఊరు కొల్లాపురం అవతల, కృష్ణ ఒడ్డున ఉండేది. 'ఉండేది' అన్నానంటే ఇప్పుడు లేదని అర్థమయ్యే ఉంటుంది. 1981లో శ్రీశైలం జలాశయం కోసం ముంపు ఊళ్లను ఖాళీ చేయించినప్పుడు అదీ పోయింది. నేనప్పటికి చంటిపిల్లని. పొలం రాలేదు, చింతచెట్టు రాలేదు, బావి రాలేదు. దర్వాజలూ దూలాలూ మాత్రం బండ్లమీద వచ్చాయట. నలభై ఏళ్లు అవి మా పుట్టింటి కొట్టంలో పడి ఉన్నాయి. వాటితోనే ఈ అల్మారా చేయించాను. అంటే నీళ్లపాలైన ఇంట్లోంచి నాకు దక్కిన ముక్క ఇదొక్కటే అన్నమాట.

చేసినాయన మా ఊరి పెద్ద వడ్రంగి. మామగారికి వరస కలిపి ఆయన్ని 'వడ్ల మామా' అంటాను. రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండల్లో, వేపచెట్టు కింద కూర్చుని ఇరవై రోజులు చేశాడు. తలుపులు బిగించిన రోజున జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి సందులో పెట్టి, అల్మారా చుట్టూ ఒక ప్రదక్షిణం చేయించాడు. ఎక్కడా బిగుసుకోకుండా, ఎక్కడా వదులు కాకుండా అది చుట్టూ తిరిగొచ్చింది. ఆయన మొహంలో తృప్తి. నా మొహంలో అనుమానం.

గృహప్రవేశం నాడు ఆ అనుమానం కాస్తా అవమానమై కూర్చుంది. హైదరాబాదు నుంచి వచ్చిన ఆడపడుచు వరస ఆవిడ ఒక రూపాయి బిళ్ళ ఆ సందులోంచి లోపలికి జారవిడిచి, "వదినా, అల్మారా చేయించావా, హుండీ చేయించావా?" అంది. ఇల్లంతా నవ్వు. నేనూ నవ్వాను. నవ్వక చస్తానా!

మర్నాడు వడ్ల మామను పిలిపించి, సందు పూడ్చమన్నాను. ఆయన ఒకటే మాటన్నాడు: "గిది రోహిణి కార్తె, బిడ్డా. కట్టె ఎండి దగ్గరికైంది. ఆశ్లేష రానియ్యి, అప్పుడు సూడు, గీ సందు ఏడున్నదో నువ్వే దేవులాడుకుంటవ్."

నేను బీ.ఏ. చదివినదాన్ని. నవలలు రాసేదాన్ని. పంచాంగం చూసి తలుపులు బిగిస్తారా ఎక్కడైనా అనుకున్నాను. ఆయనకివ్వాల్సిన దాంట్లో వెయ్యి రూపాయలు కోసేశాను. ఆయన మిగతావి లెక్కపెట్టుకుని, బాడిస, చిత్రిక, ఉలి సంచిలో వేసుకుని, మాట్లాడకుండా వెళ్లిపోయాడు. పట్నం నుంచి ఒక కుర్రాణ్ణి రప్పించి తలుపుల అంచులకీ సొరుగుల పైఅంచులకీ సన్నటి చెక్కపట్టీలు కొట్టించాను. సందు మాయమైంది. నా పరువు నిలబడింది.

ఇక్కడ కథ కాసేపు ఆపి, ఆ రోజు నాకు తెలియనిదేమిటో చెప్పనివ్వండి.

అల్మారా తలుపులు రెండు రకాలు. ఒకటి చట్రం లోపల కూర్చునేది. మూసినప్పుడు తలుపు ముఖమూ చట్రం ముఖమూ ఒకే మట్టంలో ఉంటాయి, గోడలో గూటికి తలుపున్నట్టు. రెండోది చట్రాన్ని మీంచి కప్పేసేది, డబ్బాకి మూతలాగా. ఈ రెండోదాంట్లో తలుపు ఒక నూలు అటైనా ఇటైనా ఎవరికీ తెలీదు; తప్పులన్నీ మూత కింద దాక్కుంటాయి. మొదటిదాంట్లో దాచుకోవడానికి చోటు లేదు. చట్రం ఒక మూల వెంట్రుకవాసి వంకరైతే సందు అక్కడ సన్నబడి, ఇక్కడ లావై, చూసేవాళ్లందరికీ చాటింపు వేస్తుంది. అందుకే మంచి వడ్రంగి తలుపుని కొలతపట్టీ మీద అంకెలు చూసి కోయడు. చట్రానికంటే కాస్త పెద్దగా చేసుకుని, మడతబందుల వైపు ముందు సరిచేసుకుని, తర్వాత కిందా పైనా చూసుకుని, చివరికి గొళ్లెం వైపు చిత్రిక పడతాడు. ఆ గొళ్లెం వైపు అంచుని లోపలికి కొద్దిగా వాలుగా పడతాడు, తెరిచేటప్పుడు చట్రానికి ఒరుసుకోకుండా. మడతబందుల్ని మా వైపు 'కబ్జాలు' అంటారు. ఈ కాలంలో ఆ మాట వినగానే స్థలాల మీద గుండె గుభేల్‌మంటుంది కానీ, ఇవి పాపం తలుపుని తప్ప దేన్నీ పట్టుకోవు.

ఇక సందు సంగతి. చెక్క చచ్చిన వస్తువని మనం అనుకుంటాం. అది ఊపిరి పీల్చదు, నిజమే. కానీ గాలిలో తేమ పెరిగితే తాగుతుంది, తగ్గితే వదిలేస్తుంది. తాగినప్పుడు ఉబ్బుతుంది, వదిలినప్పుడు ముడుచుకుంటుంది. పొడుగున దాదాపు కదలదు, వెడల్పునే కదులుతుంది. టేకు చాలా నిలకడైన కలప, అయినా ఎనిమిదంగుళాల ఎత్తున్న సొరుగు ముఖం మే నెల ఎండకీ ఆగస్టు వానకీ మధ్య రెండు మిల్లీమీటర్ల దాకా పెరగొచ్చు. పాత కలప అయితే కదలదంటారే, అదీ అపోహే. నా అల్మారాలోని టేకు మా అమ్మ కంటే పెద్దది. అయినా వానొస్తే ఉబ్బుతుంది, మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మకి మబ్బు ముందే తెలిసినట్టు.

అంచేత మంచి వడ్రంగి చేసే పని నిలకడైన వస్తువుని బిగించడం కాదు, కదిలే వస్తువుకి దారి వదలడం. తలుపు మధ్యలో వెడల్పాటి పలకను చుట్టూ ఉన్న చట్రం గాడిలో వదులుగా నిలబెడతాడు కానీ, జిగురు పెట్టి అంటించడు. అంటిస్తే ఎండాకాలంలో అది నిట్టనిలువునా చీలుతుంది. సొరుగు అడుగు పలక కూడా అంతే, ఉబ్బితే వెనక్కి జరిగే వీలుంచుతాడు. ఎండల్లో బిగిస్తే సందు ఎక్కువ వదలాలి, వానల్లో బిగిస్తే తక్కువ. "ఇది ఏ కార్తె?" అని వడ్రంగి అడిగితే అది మూఢనమ్మకం కాదు తల్లీ, కొలత!

ఇదంతా మనకు తెలియని విద్యా? కాదే! జాకెట్టు కుట్టించుకునేటప్పుడు దర్జీకి మనం చెప్పే మొదటి మాటేమిటి? "లోపల గుడ్డ వదులు నాయనా, రేపు ఒళ్లొస్తే విప్పుకోవాలి." అప్పడాల పిండి ఏ నెలలో కలపాలో మనకు తెలుసు. ఆవకాయ జాడీని మూతిదాకా నింపకూడదని తెలుసు. ఊరే పచ్చడికి చోటు వదులుతాం, పెరిగే ఒంటికి చోటు వదులుతాం, ఉబ్బే చెక్కకి చోటు వదిలినవాడికి మాత్రం కూలి కోస్తాం. ఇదెక్కడి న్యాయం?

సరే, కథలోకి వద్దాం. శ్రావణమాసం వచ్చింది. మా వైపు వాన అంటే ముఖం చాటేసే చుట్టమే, కానీ ఆ ఏడు నాలుగు రోజులు ముసురు పట్టింది. తలుపులు గట్టిపడ్డాయి. సొరుగు లాగాలంటే కాలు తన్నిపెట్టి లాగాలి. లాగినప్పుడల్లా ఏమనుకున్నానో చెప్తే సిగ్గుచేటు: "ఆ వడ్ల మామ నిర్వాకం!" అనుకున్నాను. పట్టీ కొట్టించింది నేను, తిట్లు ఆయనకి.

ఒక రాత్రి రెండు గంటలప్పుడు అత్తయ్యకి ఆయాసం వచ్చింది. ఆవిడకిది పాత జబ్బే. మందు పీల్చే గొట్టం ఎప్పుడూ పైసొరుగులో ఉంటుంది, చెయ్యి చాపితే అందేట్టు. చెయ్యి చాపాను. సొరుగు రాలేదు. రెండు చేతులా పట్టి లాగాను. పిడి ఊడి చేతిలోకి వచ్చింది, సొరుగు రాలేదు. బయట వాన. లోపల అత్తయ్య గొంతులో ఆ ఈల. మావారు స్క్రూడ్రైవరు తెచ్చి సందులో దూర్చబోతే, దూర్చడానికి సందేదీ? నేను పూడ్పించేశాను కదా! చివరికి చెక్క మీదే పోటు పొడిచి పెకలించారు. సొరుగు ముఖం ఈ చివర్నుంచి ఆ చివరికి పగిలింది. మందు చేతికొచ్చింది.

అత్తయ్య తేరుకోవడానికి అరగంట పట్టింది. నేను ఆ పగిలిన చెక్క చూస్తూ ఇంకా వడ్ల మామనే సాధిస్తున్నాను. అత్తయ్య గోడకానుకుని, ఒక్కో మాటా కూడదీసుకుని అడిగింది: "గా పట్టీ... గొట్టిచ్చింది... ఎవరు బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్నలు నాకు తెలుసు. "ఇంత గొడవెందుకమ్మా, ప్లైవుడ్డు పెట్టి, మూతలాంటి తలుపులు వేయించుకుంటే పోలా?" ఏ మాటకామాటే చెప్పుకోవాలి. పొరలు అడ్డంగా నిలువుగా అంటించిన ప్లైవుడ్డు చెక్కంత కదలదు. వంటింట్లో గిన్నెల అరలకి అది హాయి. నా వంటింట్లోనూ అదే ఉంది. నేను దాన్ని తిట్టడం లేదు. దాన్ని చూపించి దీన్ని తిట్టడాన్ని తిడుతున్నాను. ఆ మూత తలుపు చెక్కపనిలో మెట్టు పైకెక్కితే వచ్చింది కాదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలో ఇళ్లు నేలమట్టమై, సామాను తొందరగా, చవగ్గా, ఎక్కువగా కావాల్సి వచ్చింది. ముందు చట్రమే లేకుండా, చెక్కపొట్టు అదిమిన అట్టలతో పెట్టెలు చేసి, పక్క చెక్కలకి 32 మిల్లీమీటర్లకో రంధ్రం వరసగా తొలిచి, 35 మిల్లీమీటర్ల గుండ్రటి గుంటలో కూర్చునే దాపుడు కబ్జాలు పెట్టారు. ఆ అవసరానికి అది గొప్ప ఉపాయం. మర తిప్పితే తలుపు అటూ ఇటూ జరుగుతుంది. కానీ మర తిప్పి జరిపే పనిని ప్రమాణంగా పెట్టుకుని, చిత్రికతో వెంట్రుకవాసి తీసే పనిని "నీటు లేదు" అనడం ఏమిటి? ఇడ్లీపాత్ర కొలతతో దోసెను కొలిచినట్టు!

"సందులోంచి దుమ్మూ బొద్దింకలూ పోవూ?" అంటారు రెండోవారు. చట్రం లోపల తలుపు ఆనుకోవడానికి ఒక సన్నటి పట్టీ ఉంటుంది. సందు వెనక అది అడ్డంగా నిలబడుతుంది. అది పెట్టమని అడగండి. అడిగితే పెడతాడు. (మా అల్మారాకి తలుపు పైనా కిందా పెట్టాడు, రెండు తలుపులూ కలిసే చోట పెట్టలేదు. ఆడపడుచుగారి రూపాయి దూరింది అక్కడే. ఆ ఒక్కటీ వడ్ల మామ తప్పని ఒప్పుకుంటాను, ఆయనా ఒప్పుకున్నాడు.)

"కూలి ఎక్కువ" అంటారు మూడోవారు. అసలు సంగతి ఇదీ! అడుగుకింత అని చదరపు అడుగుల లెక్కన బేరమాడతాం. చదరపు అడుగులో చెక్క ఉంటుంది, జిగురుంటుంది, సన్‌మైకా ఉంటుంది. నాలుగు వైపులా నాలుగుసార్లు తలుపు ఎత్తి పెట్టి, దించి, రెండు పొరలు తీసి, మళ్లీ ఎత్తి పెట్టిన మధ్యాహ్నం మాత్రం ఏ చదరపు అడుగులోకీ రాదు. కనపడని పనికి కూలి లేదంటున్నామన్నమాట. ఈ మాట ఇంకెవరన్నా అంటే ఒప్పుకుందాం. పొద్దున్నుంచి రాత్రిదాకా ఎవరికీ కనపడని పని చేస్తూ, "ఇంట్లో ఉండి ఏం చేస్తావ్?" అనిపించుకునే మనమా అనేది?

మంచి సొరుగు ఎలా ఉంటుందో తెలుసా? పైదాన్ని నెమ్మదిగా లోపలికి నెడితే కిందది తనంతట తాను అంగుళం బయటికి వస్తుంది. లోపలి గాలి తప్పించుకోవడానికి ఇంకో దారి లేక దాన్ని నెడుతుంది. అంత దగ్గరగా, అంత వదులుగా కుదరాలి. నా పెళ్లినాటి గద్వాల చీర కిందిసొరుగులో ఉంటుంది. నూలు ఒంటికి పట్టు అంచు, రెండు రకాల దారాలను పోగుపోగునా ముడేసి కలిపిన నేత. దాన్ని చూసి "ఆహా, ఏం పనితనం!" అంటాం, వేలకు వేలు పోసి కొంటాం. ఆ చీర దాచిన సొరుగు పనితనం మన కంటికి ఆనదు.

ముసురు వెలిశాక నేనే వడ్ల మామ ఇంటికి వెళ్లాను. వాకిట్లో పని జాడ లేదు. అరుగు మీద చిత్రికకి తుప్పు పట్టబోతోంది. కొడుకు హైదరాబాదులో ఉన్నాడట, మూత తలుపులకి మరలు బిగించే పని. "ఆనికి చిత్రిక పట్టుడు రాదమ్మా. నేర్పిత్తనంటే, ఎవలు జేపిచ్చుకుంటరు నాయినా అంటడు" అన్నాడు.

ఎవలు జేపిచ్చుకుంటరు? ఈ ప్రశ్నకి జవాబు ప్రభుత్వం చెప్పలేదు. 2023 సెప్టెంబరులో పీఎం విశ్వకర్మ అని పథకం పెట్టారు. పద్దెనిమిది చేతివృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్లకి 15,000 రూపాయల దాకా ఇస్తారు, శిక్షణ ఇస్తారు, అప్పిస్తారు. మంచిదే. కానీ పనిముట్లు ఇచ్చేది ప్రభుత్వమైతే, పని ఇచ్చేది మనం. ఇంట్లో ఏ సామాను ఎలా ఉండాలో, ఎవరి కూలి ఎంత కోయాలో చెప్పేది చాలా ఇళ్లలో మనమే. గృహప్రవేశానికొచ్చి గోరు పెట్టి చూసి నవ్వేదీ మనమే. ఒక వడ్రంగి కొడుకు చిత్రిక పట్టడం మానేశాడంటే, దాని వెనక అలా నవ్విన ఆడవాళ్లు కొందరున్నారు. నేనున్నాను.

ఆయన వచ్చాడు. ఉలితో పట్టీలన్నీ తీసేశాడు. చిత్రిక పడతాడేమో అనుకున్నాను. పట్టలేదు. "ఇప్పుడు పడితే మల్ల ఎండలకు సందు పెద్దగైతది. దాని జాగ దానికి ఇచ్చినం, ఇగ అదే సర్దుకుంటది" అన్నాడు. సొరుగు అంచులకి కొవ్వొత్తి ముక్క రుద్దాడు. పగిలిన చెక్కకి జిగురు పెట్టి, తాడుతో బిగించి కట్టి, రెండు రోజులు విప్పొద్దన్నాడు. చీలిక గీత ఇప్పటికీ కనిపిస్తుంది. పాలిష్ కొట్టించమని అందరూ అంటారు. కొట్టించను.

కోసిన వెయ్యి, దాని మీద ఇంకో వెయ్యి కలిపి చేతిలో పెట్టాను. ఒక వెయ్యి తీసుకుని, ఒకటి గట్టు మీద పెట్టేశాడు. "గిది నాది. గది నాది గాదు" అన్నాడు.

అందుకే చెప్తున్నాను, చెక్క సామాను చేయించుకునే అక్కల్లారా, చెల్లెళ్లారా! సందు ఉందా అని చూడకండి, అది ఉండాలి. నాలుగు వైపులా ఒకేలా ఉందా అని చూడండి. ఎండాకాలంలో చేయించుకుంటే ఒక వానాకాలం గడిచేదాకా తీర్పు చెప్పకండి. వానల్లో బిగిస్తే పట్టీ కొట్టించకండి, కొవ్వొత్తి రుద్దండి. అదీ చాలకపోతే చేసినవాణ్ణే పిలిచి, పిలిచినందుకు కూలి ఇవ్వండి. అడుగుల లెక్క కాకుండా రోజుల లెక్కన మాట్లాడుకోండి. ప్రాణానికి అవసరమైన మందు ఏ సొరుగులోనూ పెట్టకండి. అది నేను నేర్చుకున్న పాఠం.

మొన్న రోహిణి కార్తెలో ఆడపడుచుగారు మళ్లీ వచ్చింది. అల్మారా ముందు నిలబడి గోరు పెట్టబోయింది. నేనే ఒక రూపాయి బిళ్ళ తీసి చేతికిచ్చి, "చుట్టూ తిప్పి చూడు" అన్నాను. పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ తిప్పింది. ఎక్కడా బిగుసుకోలేదు, ఎక్కడా జారిపోలేదు. ఈసారి నవ్వలేదు. తలుపులు కలిసే చోట తర్వాత పెట్టించిన పట్టీని వేలితో తడిమి చూసి, సొరుగు మీది చీలికను చూసి, "ఇదేమిటొదినా?" అంది.

కూర్చోబెట్టి, టీ ఇచ్చి, మొదటి నుంచీ చెప్పాను.